డీఈ గారు ఎమ్మెల్యే అయ్యాక

శాసనసభలో ఎమ్మెల్యే వేసిన ప్రశ్నకి జవాబు ఎక్కడ తయారవుతుందో నాకు ఎమ్మెల్యే కాకముందే తెలుసు. మాలాంటి వాళ్ల సెక్షన్ ఆఫీసులో తయారవుతుంది. కాలువ గట్టు మీద, పెంకులు జారిపోయిన పాత క్వార్టరు వసారాలో, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల మీద. కృష్ణా డెల్టాలో నేను ఇరిగేషన్ ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, చేరింది 1986లో. అక్కడినుంచి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) అయ్యేదాకా, అయ్యాక కూడా, మొత్తం 22 ఏళ్లు కాలువలు, డ్రెయిన్లు, లాకులు, షట్టర్లు, గుర్రపుడెక్క. అదే నా లోకం.

ఎల్ఏక్యూ అనేవాళ్లం దాన్ని. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్. అది వచ్చిందంటే ఆఫీసులో పెళ్లి పెట్టుకున్నంత హడావుడి. అసెంబ్లీ నుంచి సచివాలయానికి, అక్కడినుంచి ఇంజనీర్-ఇన్-చీఫ్‌కి, తర్వాత చీఫ్ ఇంజనీరు (సీఈ), సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్ఈ), ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ), డీఈ, ఆఖరికి ఏఈఈ. పైనుంచి కిందికి దిగేలోపు గడువంతా దారిలోనే అయిపోయేది. మా దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ఒక పూట. సాయంత్రం బస్సుకి మనిషిని పంపాలి, నోట్ ఇవ్వండి అని ఈఈ ఆఫీసు హెడ్‌క్లర్కు ఫోను. సైటుకి వెళ్లి చూసొచ్చే టైము ఎక్కడిది? మ్యాపు పరిచి, స్కేలు పెట్టి కొలిచి రాసేవాళ్లం.

రాయడానికి మాటలు కూడా తయారుగా ఉండేవి. "అవునండి." "లేదండి." "ప్రశ్న ఉత్పన్నం కాదు." "నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడుతుంది." ఇవన్నీ అందరివీ. నాకంటూ ఒక వాక్యం ఉండేది, "ఆవశ్యకత కనబడుటలేదు" అని. "అవసరం లేదు" అంటే ఎమ్మెల్యేకి కోపం వస్తుంది. "కనబడుటలేదు" అంటే ఎవరికి కనబడలేదో తెలియదు, ఎవరి మీదా పడదు. మా ఈఈ గారు ఒకసారి దాన్ని చదివి, "భలే రాశావయ్యా" అన్నారు. ఆ తర్వాత అవకాశం దొరికినప్పుడల్లా వాడాను.

రాజకీయాల్లోకి ఎందుకు వచ్చావని చాలామంది అడిగారు. ప్రజాసేవ అని చెబితే వినడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే రెండు మూడు కారణాలు కలిసొచ్చాయి. డెల్టా ఆధునికీకరణ పనుల్లో రైతు సంఘాల వాళ్లతో తిరిగి తిరిగి ఊళ్లన్నీ పరిచయమయ్యాయి. నియోజకవర్గాల పునర్విభజనతో 2009 ఎన్నికలకి హద్దులన్నీ మారిపోయాయి, మా వైపు పాత నాయకుల లెక్కలు తారుమారయ్యాయి, పార్టీ కొత్త మొహం కోసం వెతుక్కుంటోంది. మూడోది, ఆ ముందు ఏడాది జరిగిన ఒక బదిలీ. ఆ కోపం కూడా ఉంది. నా బ్యాచ్‌మేట్ ఒకడు ఫోన్ చేసి జాబితా చదివాడు. బీహార్‌లో నితీశ్ కుమార్ విద్యుత్ బోర్డు ఇంజనీరు, రెండుసార్లు ఓడిపోయి 1985లో అసెంబ్లీకి వచ్చాడు. గోవాలో పారికర్ ఐఐటీలో మెటలర్జీ చదివి 1994లో ఎమ్మెల్యే అయ్యాడు. మన కె.ఎల్. రావు గారు నాగార్జునసాగర్ కట్టిన చేత్తోనే విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్లారు. "నువ్వేం తక్కువ?" అన్నాడు. వాళ్లకీ నాకూ ఏం తక్కువో నాకు బాగానే తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రభుత్వ ఉద్యోగి పోటీ చేయాలంటే ఉద్యోగం వదలాలి. రాజీనామా ఇస్తే సరిపోదు, అది ఆమోదం పొందాలి. నాకు 20 ఏళ్ల సర్వీసు దాటింది కాబట్టి స్వచ్ఛంద విరమణకి పెట్టుకున్నాను. మూడు నెలల నోటీసు. ఆ మూడు నెలల టెన్షన్ తర్వాత ఐదేళ్లలో ఎప్పుడూ పడలేదు. టికెట్ వస్తుందన్న హామీ లేదు, ఉద్యోగం మాత్రం పోతుంది. ఆమోదం కాగితం చేతికి వచ్చినరోజు ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టాను. మా ఆవిడ చూసి, "ఉద్యోగం పోయిన కాగితానికి పసుపు రాసేది మీరొక్కరే" అంది.

టికెట్ ఎలా వచ్చిందన్నది ఇక్కడ రాయను. బీ-ఫారం నామినేషన్‌కి ముందురోజు రాత్రి 11 గంటలకి చేతికొచ్చింది, అంతే.

నామినేషన్ పనిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, భార్య పేరున ఉన్నవి, అన్నీ రాసి నోటరీ చేయించాలి. వేల రూపాయల మట్టి పనికి కూడా ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో అంగుళాలతో సహా రాసిన వాడిని, ఇందులో తేడా రాకూడదని పట్టుబట్టాను. మా ఆవిడ బంగారం బీరువాలోంచి తీయించి, కంసాలి దగ్గరికి తీసుకెళ్లి తూకం వేయించాను. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ రిక్షాలో ఒక మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అంది: "ఇరవయ్యేళ్లలో నీ దగ్గర బంగారం ఎంతుందే అని ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు ఊరందరికీ చెప్పడానికి అడిగారు."

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకైతే పదిమంది కావాలి. నా ప్రతిపాదకుడిగా పెద్ద కులపెద్దనో, జడ్పీటీసీనో పెట్టమన్నారు. నేను నా దగ్గర పనిచేసి రిటైరైన లస్కరుని పెట్టుకున్నాను. లస్కరంటే తెలియని వాళ్లకి చెప్పాలి. కాలువ మీద షట్టర్లు ఎత్తి దించి, రాత్రిళ్లు గట్లు కాసే మనిషి. ఆయన రిటర్నింగ్ అధికారి ముందు సంతకం పెట్టడానికి నిమిషం పైన పట్టింది. ఒక్కో అక్షరం రాసి, పెన్ను ఎత్తి, చూసుకుని, మళ్లీ రాశాడు. బయట వేరే అభ్యర్థి బాజాలు మోగుతున్నాయి. మూడు గంటలు దాటితే ఇంక తీసుకోరు. గడియారం చూస్తూ నాకు చెమటలు. ఆయన మాత్రం చివర చుక్క పెట్టి, కాగితం తిప్పి ఒకసారి చదువుకుని గానీ ఇవ్వలేదు.

అప్పట్లో అసెంబ్లీకి డిపాజిట్ 5,000 రూపాయలు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే గల్లంతు. ఖర్చు పరిమితి 10 లక్షలు. ఫలితం వచ్చాక 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. టీకి ఇంత, కుర్చీకి ఇంత, జీపుకి రోజుకింత అని ఎన్నికల వాళ్లు ఇచ్చిన రేట్ల కాగితం చూసి నవ్వొచ్చింది. మా డిపార్టుమెంటు రేట్ల పుస్తకం, ఎస్ఎస్ఆర్ కూడా అంతే కదా. మార్కెట్లో సిమెంటు ధర ఒకటి, మా పుస్తకంలో ధర ఇంకొకటి. ఎన్నికల లెక్కలూ దాదాపు అలాగే ఉంటాయి. ఈ విషయంలో నీతులు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను.

ప్రచారంలో ఒకే ఒక్క ఊరి సంగతి చెబుతాను. ఊరు అనడం కన్నా పేట అనాలి. పెద్ద మురుగు కాలువకి అవతల ఒక ఎనభై గడప. దాటడానికి రెండు తాటి పట్టెలు పక్కపక్కన వేసి, ఒక వైపు చేతికి ఆసరాగా వెదురు కట్టారు. నా వెనక వచ్చిన కార్యకర్తలు సగం మంది ఇవతలే ఆగిపోయారు. నేను దాటాను, అది నా ఉద్యోగంలో అలవాటైన పనే. అవతల ఒక పెద్దావిడ హారతి పళ్లెం పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కాలవ డిపార్టుమెంటు డీఈ గారివేగా?"

"అవునమ్మా."

"మరి మాకొక వంతెన వేయించలేవా అయ్యా? చేను కోసిన మోపులు నెత్తిన పెట్టుకుని దీని మీద నడుస్తున్నాం. మొన్న పొద్దుగాల బడికెళ్లే పిల్ల జారింది. బతికింది అనుకో."

వేయిస్తానన్నాను. అందరూ అనేదే.

ఏప్రిల్ 23న పోలింగ్, మే 16న లెక్కింపు. ఆ ఎన్నిక మూడు ముక్కలాట, ఎవరు ఎవరి ఓట్లు చీల్చారో చివరి రౌండుదాకా తెలియలేదు. వెయ్యి లోపు మెజారిటీతో బయటపడ్డాను.

అసెంబ్లీలో ఎన్నికైన వాళ్లం 294 మందిమి, నామినేట్ అయిన ఆంగ్లో-ఇండియన్ సభ్యుడు ఒకరు. ప్రమాణ స్వీకారం రోజు నిజాం కాలం నాటి ఆ తెల్లటి భవనం ముందు నిలబడి పైకి చూసిన మొదటి విషయం గుమ్మటాలు కాదు, వానకి చూరు కింద కారిన మరకలు. అలవాటు ఎక్కడికి పోతుంది. "అనే నేను" దగ్గర గొంతు పట్టేసింది. పక్క సీటు సీనియర్ సభ్యుడు తర్వాత అన్నాడు, అందరికీ అక్కడే పడుతుందయ్యా అని.

ఇక ఎమ్మెల్యే పని. పొద్దున్న ఆరింటికి ఇంటి ముందు జనం. మొదటి నెల రోజులు నేను నోట్‌బుక్ పెట్టుకుని రాశాను, ఎవరు ఏం అడిగారో. చట్టాల గురించి అడిగిన వాళ్లు సున్నా. రేషన్ కార్డు, పింఛను, ఆసుపత్రిలో మంచం, టీచరు బదిలీ, స్టేషన్‌లో ఉన్న కొడుకు, కూతురి పెళ్లికి రమ్మని, పొలం గట్టు తగాదా. నాకు బాగా తెలిసిన పని అనుకున్న కాలువల గురించి అడిగినవాళ్లు కూడా "నీళ్లు మా చేలోకి ముందు వదిలించండి" అనేవాళ్లు. డీఈగా ఉన్నప్పుడు ఆ మాట అన్న నాయకులని తిట్టుకునేవాణ్ణి. చివరి భూములకి నీళ్లు అందకపోవడానికి కారణమే పై వాళ్లు పలుకుబడితో తూములు పెద్దవి చేయించుకోవడం. ఇప్పుడు ఆ పలుకుబడి నేనే. పై ఊళ్ల ఓట్లు ఎక్కువ, చివరి ఊళ్ల ఓట్లు తక్కువ. ఒకసారి ఫోను చేశాను కూడా, లాకు దగ్గర ఏఈకి. చేశాక చాలాసేపు ఫోను చేతిలోనే ఉంది.

అక్టోబర్ వచ్చింది. 2009 అక్టోబర్ వరదలు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కర్నూలు మునిగింది. ఆ నీళ్లన్నీ శ్రీశైలం, సాగర్ దాటి మా మీదికి వస్తున్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా కరకట్ట మీద నేను డీఈగా ఎన్నో వరదలు చూశాను కానీ, కట్ట పైనుంచి చేయి చాపితే నీళ్లు తగలడం అదే మొదలు. లంక గ్రామాల వాళ్లని పడవల్లో తెచ్చి బడుల్లో పెట్టాం.

రాత్రి రెండింటికి ఫోను. కట్టకి ఇవతల, పొలం వైపు, పాదం దగ్గర నేలలోంచి నీళ్లు బుగ్గలా పొంగుతున్నాయి. వెళ్లేసరికి వందమంది, ట్రాక్టర్ల లైట్లు, ఇసుక బస్తాలు. జనం ఆ బుగ్గ మీదే బస్తాలు పడేయడానికి సిద్ధంగా ఉన్నారు. చూసేవాళ్లకి అదే సరైన పని అనిపిస్తుంది. నీళ్లు వస్తున్న చోట మూత పెట్టాలి కదా. కానీ మూత పెడితే అది పక్కన ఇంకోచోట లేస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. అడుగున మట్టి కొట్టుకుపోతూనే ఉంటుంది, కట్ట ఉన్నట్టుండి కూర్చుంటుంది. చేయాల్సింది దాని చుట్టూ బస్తాలతో బావి గట్టులా కట్టి, లోపల నీళ్లు పైకి లేవనివ్వడం. లోపలి నీటి బరువు అడుగునుంచి వచ్చే ఒత్తిడిని ఆపుతుంది. అడుగున ఇసుక, కంకర వేస్తే మట్టి రాకుండా నీళ్లు ఒక్కటే వస్తాయి. వంగి టార్చి వేసి దోసిట్లోకి తీసుకున్నాను. నీళ్లు బురదగా ఉన్నాయి, వేళ్ల మధ్య సన్నటి ఇసుక గరగరలాడింది. భయమేసింది.

"మూత పెట్టకండి, చుట్టూ కట్టండి" అని అరిచాను. వెంటనే కదిలారు. అరగంటలో నడుం ఎత్తు కట్టారు, తెల్లవారేసరికి పైనుంచి పొర్లే నీళ్లు తేటగా వచ్చాయి.

మర్నాడు పేపర్లలో ఇంజనీరు ఎమ్మెల్యే కరకట్టని కాపాడాడని వచ్చింది. అక్కడ జరిగింది వేరు. ఆ సెక్షన్ ఏఈఈ, కొత్తగా చేరిన కుర్రాడు, నేను రాకముందు గంటసేపటినుంచి అదే మాట చెబుతున్నాడు. ఎవరూ వినలేదు. "నువ్వూరుకోవయ్యా, నిన్నగాక మొన్న వచ్చావు" అన్నారట. నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. కాకపోతే నా వెనక గన్‌మెన్ ఉన్నాడు. ఆ కుర్రాడు గట్టు మీద బురదలో కూర్చుని టీ తాగుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. గబుక్కున లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. ముఖ్యమంత్రి వైఎస్ గారు సెప్టెంబర్‌లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. తెలంగాణ ఏర్పాటు మీద డిసెంబర్ 9 ప్రకటన తర్వాత రాష్ట్రం రెండుగా నిలబడింది. నాకు అసెంబ్లీ అంటే గుర్తొచ్చేది పోడియం ముందు నినాదాలు, వాయిదా, మళ్లీ పదినిమిషాలు, మళ్లీ వాయిదా. ఆదర్శనగర్ క్వార్టర్స్ నుంచి పొద్దున ఇస్త్రీ బట్టలతో బయల్దేరడం, పదకొండింటికల్లా తిరిగి రావడం. ఎవరి ఆవేదన వాళ్లది, తప్పుపట్టను. కానీ ప్రశ్నోత్తరాల సమయం అనేది ఒకటి ఉండేదని కొత్త సభ్యులకి నమ్మకం పోయింది.

నేను మాత్రం ప్రశ్నలు ఇస్తూనే ఉన్నాను. నక్షత్రం గుర్తు ప్రశ్న అయితే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, మనం అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఆ తాటి పట్టెల పేట వంతెన మీద ఒకటి ఇచ్చాను. 2011 బడ్జెట్ సమావేశాల్లో అది జాబితాకెక్కింది. రెండు రాత్రులు కూర్చుని అనుబంధ ప్రశ్నలు తయారుచేసుకున్నాను. మంత్రి ఏం చెబితే ఏం అడగాలి, నిధులు లేవంటే ఏ పద్దులో ఉన్నాయో చెప్పాలి, మా శాఖ కాదంటే ఏ జీవో చూపించాలి. ఆ శాఖ లోపలి మనిషిని కదా, తప్పించుకునే దారులన్నీ నాకు తెలుసు. ఆరోజు సభ మూడుసార్లు వాయిదా పడింది. ప్రశ్నల జవాబులన్నీ సభకి సమర్పించినట్టే భావించారు. జవాబు కాగితం నా బల్ల మీదికి వచ్చింది.

(అ) అవునండి, స్థానికుల నుంచి వినతి అందింది.

(ఆ) సదరు డ్రెయిన్‌పై 3.2 కి.మీ. ఎగువన వంతెన ఉన్నందున, ప్రతిపాదిత వంతెన ఆవశ్యకత కనబడుటలేదు.

(ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఒళ్లు మండిపోయింది. లాబీలోకి వచ్చి డివిజన్‌లో డీఈకి ఫోన్ చేశాను. ఒకప్పుడు నా కింద పనిచేసిన మనిషే.

"ఈ 3.2 ఎక్కడిదయ్యా?"

"పాత ఫైల్లోది సార్. 1995లో ఇదే వంతెన మీద ఒక ఎల్ఏక్యూ వచ్చింది. టైము లేక అప్పటి జవాబే పెట్టాం."

"అప్పుడు సెక్షన్ ఎవరిది?"

కాసేపు మాట లేదు.

"మీదే సార్. నోట్ మీద మీ ఇనీషియల్స్ ఉన్నాయి."

"కనబడుటలేదు" అన్న మాట చూసినప్పుడే గుర్తుపట్టాల్సింది. గుర్తుపట్టలేదు. ఎన్నో చోట్ల రాసిన వాక్యం, ఏది ఎక్కడ రాశానో ఎలా గుర్తుంటుంది.

సమావేశాలు అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే గన్‌మెన్‌ని ఇంట్లో ఉంచేసి, నా ప్రతిపాదకుడు లస్కరుని తీసుకుని ఆ గట్టుకి వెళ్లాను. పేట రేవు దగ్గరనుంచి ఎగువకి నడిచాం. మ్యాపులో డ్రెయిన్ తిన్నగా గీసినట్టు ఉంటుంది. నేల మీద మెలికలు. తుమ్మ కంపలు, జారుడు ఒండ్రు, మధ్యలో రెండుచోట్ల గట్టు కోసుకుపోయి మోకాలి లోతు నీళ్లు. గంటా పది నిమిషాలు పట్టింది. వేసవిలోనే అలా ఉంది.

అక్కడ నేను వంతెన అని రాసింది ఉంది. అది వంతెన కాదు. రెగ్యులేటరు. షట్టర్లు ఎత్తేవాళ్లు నిలబడటానికి పైన రెండడుగుల వెడల్పున ఒక నడవ. ఒక వైపే గొట్టం కడ్డీ. మోపు నెత్తిన పెట్టుకున్న మనిషికి ఎదురు ఇంకో మనిషి వస్తే ఒకరు వెనక్కి నడవాలి. బండి మాట అడగొద్దు. ఆ షట్టర్లకి నేనే రెండుసార్లు రంగు వేయించాను, ఆ నడవ మీద నేనే వందసార్లు నడిచాను. 1995లో ఆ నోట్ రాస్తున్నప్పుడు కూడా అది నాకు తెలుసు. సాయంత్రం బస్సుకి కాగితం పంపాలి, అంతే ఆ పూట నా బుర్రలో ఉన్నది.

లస్కరు ఏమీ అనలేదు. కడ్డీకి ఆనుకుని బీడీ వెలిగించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, "అప్పుడు నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి సార్" అన్నాడు.

వంతెన కథ అక్కడితో అయిపోలేదు, నిజానికి అక్కడ మొదలైంది. డ్రైనేజీ వాళ్లు రోడ్డు లేదు కాబట్టి పంచాయతీరాజ్ వేయాలన్నారు. పంచాయతీరాజ్ వాళ్లు డ్రెయిన్ మాది కాదన్నారు. ఆర్ అండ్ బీ వాళ్లు ఆ దారి మా జాబితాలోనే లేదన్నారు. మూడు శాఖల వాళ్లనీ ఒకే రోజు ఆ తాటి పట్టెల మీదినుంచి నడిపించాను. అది కొంచెం పని చేసింది. ఈఈ ఒకాయన సగం దూరంలో వెదురు పట్టుకుని ఆగిపోయి, అక్కడినుంచే "రాస్తాం సార్, రాస్తాం" అన్నాడు.

అత్యుత్సాహంతో నేనే ఇంట్లో కూర్చుని డిజైను గీశాను. నీటి ప్రవాహం లెక్క, నీళ్లు పోవడానికి మూడు కానాలు, పునాది లోతు, శ్లాబు మందం. పట్టుకెళ్లి ఇస్తే ఈఈ గారు చాలా మర్యాదగా తీసుకుని, పక్కన పెట్టి, "మన దగ్గర టైప్ డిజైన్ ఉంది సార్" అన్నారు. నేను డీఈగా ఉన్నప్పుడు ఏ ఎమ్మెల్యే అయినా ఇలా కాగితం తెస్తే నేనూ అదే చేసేవాణ్ణి. ఇంకా తక్కువ మర్యాదగా.

ఆఖరికి నాబార్డు గ్రామీణ మౌలిక సదుపాయాల నిధి కింద పెట్టించాం. పరిపాలనా అనుమతికి ఎనిమిది నెలలు, సాంకేతిక మంజూరుకి మరో నాలుగు, టెండరు రెండుసార్లు. కాంట్రాక్టు దక్కిన మనిషి "ఒకసారి కలవాలి సార్" అని ఫోను చేశాడు. ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. సైటులో కలుద్దామన్నాను. ఆ తర్వాత పని నత్తనడక నడిచింది. కారణం అదేనని రుజువు చేయలేను. 2013 చివరికి పునాదులు లేచాయి. 2014లో నేను ఓడిపోయాను.

ప్రారంభోత్సవానికి పిలుపు రాలేదు. శిలాఫలకంలో పేరు ఉండాలని నేను అనుకోలేదు కూడా, ఆ పద్ధతి నాకు తెలియనిదా. వారం రోజులు పోయాక సాయంత్రం పూట స్కూటర్ మీద వెళ్లాను. రెండు వైపులా మట్టి ఇంకా సర్దుకోలేదు, వంతెన మొదట్లో నాలుగు అంగుళాల మెట్టు పడింది. చక్రం ఎగిరిపడింది. నీళ్లు పోయే గొట్టాల నోళ్లలో కాంక్రీటు పెళ్లలు అలాగే వదిలేశారు. దిగి ఒక పుల్లతో రెండు పొడిచాను. తాటి పట్టెలు పక్కనే గట్టున పడి ఉన్నాయి, వాటి మీద ఎవరో పిడకలు ఆరబెట్టారు.

ఆ పెద్దావిడ కనిపించింది. ఇంకాస్త వంగిపోయింది.

"డీఈ గారూ, బాగున్నారా? వంతెన వచ్చింది గానీ, రేవుకి మెట్లు లేవయ్యా. గట్టు ఎత్తు చేశారు, బిందె పట్టుకుని దిగలేకపోతున్నాం."

"ఇప్పుడు నేను ఎమ్మెల్యేని కాదు కదమ్మా. నా చేతిలో ఏముంది?"

"ఏమీ వద్దు. కాగితం రాసివ్వండి. మా పిల్లలు పట్టుకెళ్లి ఇచ్చుకుంటారు."

ఎవరో మనవడి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చారు. పెన్ను తీసి "గౌరవనీయులైన" అని మొదలుపెట్టాను. గట్టు ఎంత ఎత్తు, ఎన్ని మెట్లు కావాలి అన్న చోట ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చెప్పులు విప్పి, పంచె ఎగదోపి, రేవులోకి దిగడం మొదలుపెట్టాను. పెద్దావిడ పైన నిలబడి నా అడుగులు లెక్కపెడుతోంది.